మబ్బు వెంట మొగుడు

తిప్పయ్య మళ్ళీ తడిసి వచ్చాడు!

చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. జుట్టులోంచి నీళ్ళు కారి గడప మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. హనుమంతమ్మ చేతిలో సంగటి తెడ్డు అట్లాగే ఆగిపోయింది. నలభై రెండు రోజులుగా ఆ ఊళ్ళో ఆకాశం నుంచి కాకిరెట్ట తప్ప మరేదీ రాలలేదు! చేలో వేరుశనగ ఆకులు పొద్దెక్కకముందే ముడుచుకుంటున్నాయి. అటువంటి ఊళ్ళో, ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మొగుడు, నెలలో నాలుగోసారి, తలస్నానం చేసినవాడిలా ఇంటికొస్తే ఆ ఇల్లాలి గుండె ఏమైపోవాలి...!

"యాడ నీళ్ళు పోసుకొని వచ్చినావయ్యా?"

"వాన్లో తడిసినా."

"వానా! యాడుండాది వాన? నాకూ సూపీ!"

తిప్పయ్య నీలంగా మెరుస్తున్న ఆకాశం వైపు చూశాడు. అది ఆయన తరఫున సాక్ష్యం చెప్పలేదు. ఏ రైతు తరఫునా అది ఎప్పుడూ చెప్పలేదు.

అరుగు మీదున్న అత్త తిరుపాలమ్మ కోడలిని ఓదార్చింది. "నా కొడుకు అట్లాంటోడు కాదులేమ్మా..." ఒక్క క్షణమాగి, "వాళ్ళ నాయన మటుకు రెండుసార్లు తడిసి వచ్చినాడు. రెండోసారి నేను చీపురు తీసుకున్నా. మళ్ళ జన్మలో తడవల్యా!" అంది.

మరునాడు పొద్దున హనుమంతమ్మకు మొగుడి టీవీఎస్ బండి డబ్బాలో ఒక గుడ్డమూట దొరికింది. ముడి విప్పింది. మన్ను! ఎర్రటి తడిమన్ను!

"అత్తా! కొంప మునిగింది! ఎవత్తో ఈయప్పకు మందు పెట్టింది! మన్ను మంత్రించి ఇచ్చింది!"

ఉప్పూ మిరపకాయలూ తెచ్చి మూటకు మూడుసార్లు దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు, ఎవరికీ దగ్గు రాలేదు. మిరపకాయలు మూడేళ్ళనాటివని ఆ కంగారులో ఎవరికీ తోచలేదు. అనుమానం రూఢి అయిపోయింది! మన్ను తీసుకెళ్ళి పేడదిబ్బలో పారేసి, నాలుగు చీరలు సంచిలో కుక్కుకుని, ఆటో తోలే తమ్ముడు ఓబులేసుకు ఫోన్ చేసింది.

"నేను పుట్టింటికొచ్చేస్తా రా తమ్ముడా... వచ్చే ముందర దాని మొగం ఒకసారి సూడాల!"

మధ్యాహ్నం తిప్పయ్య సంగటిలో రెండో ముద్ద తుంచాడో లేదో, దక్షిణాన నల్లగా మబ్బు లేచింది. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు లేచి, చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా బండెక్కి తనకల్లు దోవ పట్టాడు. వెనకే ఆటో.

దారిలో ఒక పల్లెలో ఆడమనిషి ఎండబోసిన చింతపండు గబగబా ఎత్తుకుంటోంది. హనుమంతమ్మ ఆటో ఆపించి అడిగింది.

"మబ్బుల తిప్పయ్యనా? ఇప్పుడే పోయినాడు గదమ్మా! ఆయప్ప బండి కనపడిందంటే మేము ఎండబెట్టినవన్నీ లోపలేసుకుంటాం."

"ఒక్కడే పోయినాడా?"

"ఒక్కడే. ఆ పిడుగుల్లోకి ఎనకాల ఎవరు కూసుంటారమ్మా!"

ఇంకో రెండు మైళ్ళు పోయేసరికి వాన గోడలా నిలబడింది. ఎవరిదో చేలో, చెప్పులు విడిచి, మొహం పైకెత్తి నిలబడి ఉన్నాడు తిప్పయ్య. హనుమంతమ్మ ఆటో దిగి గట్టు వెనకా, తుమ్మచెట్టు చాటునా వెతికింది.

"యాడ దాచినావు దాన్ని?"

"దేన్నే?" అని, పెళ్ళాం కళ్ళు చూసి తిప్పయ్యకు అంతా అర్థమైంది. సిగ్గుతో తల దించుకున్నాడు.

"పోయినేడు శెనక్కాయ చెట్లకు ఊడలు దిగే టైములో ఒక మబ్బు వచ్చె గదా... పక్కనోళ్ళ చేన్లో కురిసి, మన గట్టు కాడ ఆగి, తిరుక్కొని పోయింది. నేను చిన్నప్పుడు గొర్రెలు కాసినోన్ని. తప్పిపోయిన గొర్రె ఎంట పోయినట్ల దాని ఎంటబడినా. పదిమైళ్ళ అవతల కురిసింది. ఆ వాసన... అప్పుట్నుంచి మబ్బు కనపడితే కాళ్ళు నిలవవే!"

"ఆ మన్ను?"

"మన చేన్లో ఏసేకి. తడంటే యట్లుంటాదో మర్సిపోయింటాదేమోనని... సూపిస్తాండా."

"నాతో సెప్పుంటే?"

"నగుతావని."

హనుమంతమ్మకు నవ్వు రాలేదు. వెక్కి వెక్కి ఏడుపొచ్చింది! "దాన్ని దిష్టి తీసి దిబ్బలో పారేసినానయ్యా..."

"దిష్టా? మన్నుకా!" తిప్పయ్య కడుపు పట్టుకుని నవ్వాడు.

ఆమె సంచి తెరిచి, చీరలు పక్కకు నెట్టి, రెండు దోసిళ్ళ బురద అందులో వేసుకుంది. "ఎవరి చేనో ఏమో, అక్కా!" అని ఓబులేసు గోల పెట్టాడు.

"నువ్వు పో తమ్ముడా. నేను మీ బావ బండి ఎనకాల వస్తా."

ఆ సాయంత్రం తిరుపాలమ్మ గడపలో నిలబడి, నిలువునా తడిసిన కొడుకునూ కోడలినీ చూసింది. చీపురైతే అందుకుంది గానీ, ఎవరిని కొట్టాలో తెలియక మళ్ళీ మూలన పెట్టింది.

చేనుకు తడిమన్ను చూపించారు. అయినా వాన రాలేదు. మన్ను చూసి కరిగే ఆకాశమైతే ఈ ప్రాంతం ఎప్పుడో బాగుపడేది! కానీ వారం తర్వాత, తిప్పయ్య మూడో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా హనుమంతమ్మ ఆయన ముందున్న కంచం మీద మూత పెట్టేసింది.

"వచ్చినాక తిందువు, లెయ్యయ్యా... పడమట కమ్ముతాంది!"