జగన్నాథం ఇంటితో చెప్పిన మాట

2094 నాటికి పోయినవాళ్లకు కూడా చోటు కరువైంది. మనిషి పోగానే అతని జ్ఞాపకాలు విశాఖ సముద్రం అడుగున ఉన్న స్మృతి భాండారానికి చేరేవి. అక్కడ ‘జల్లెడ’ అనే యంత్రం వాటిని వడపోసేది. బతికున్నవాళ్లతో సహా పదిమందిలో ఒకే జ్ఞాపకం కనిపిస్తే ఒకదాన్నే అసలుగా ఉంచి, మిగతావాటిని నకళ్లని చెరిపేసేది. ఏది అసలు? ఎక్కువమంది చూసింది. ఆ సూత్రం రాసింది శాస్త్రవేత్త ఇందుమతి. పాతకాలపు సెర్చ్ ఇంజిన్లు ఇంచుమించు ఇలాగే చేసేవని చెప్పి, అడ్డుపడ్డవాళ్ల నోళ్లు మూయించింది కూడా.

ఇప్పుడు ఆమె భర్త జగన్నాథం పోయాడు. తొలి జీతం, కూతురు పుట్టిన రోజు, వానలో తడిసిన పెళ్లి ఊరేగింపు, అన్నీ నకళ్లేనంది జల్లెడ. ఒక్క జ్ఞాపకమైనా అతనికే సొంతమైతేనే మొత్తం మిగులుతుంది. లేకపోతే జగన్నాథం ఆనవాలు కూడా ఉండదు.

“సరిగ్గా వెతుకు,” అంది ఇందుమతి.

“ఒకటి ఉంది. తాళం వేసినప్పుడల్లా ఆయన ఇంటితో మాట్లాడేవారు,” అంది జల్లెడ.

ఆమె ఆ సంగతే మరిచిపోయింది. తలుపు తట్టి, “చీకటి పడేలోపు వచ్చేస్తాం, భయపడకు” అనేవాడు. బస్సు తప్పిపోతుందని ఆమె విసుక్కునేది. ఆ విసుగు తలుచుకుని ఇప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

జల్లెడ తుది తీర్పిచ్చే నెలాఖరు సమీక్షదాకా ఆ మాట బయటపెట్టవద్దని సహోద్యోగి నసీర్ బతిమాలాడు. కానీ సంస్మరణ సభలో అందరూ భర్తను మంచివాడు, మంచివాడు అని మొక్కుబడిగా పొగుడుతుంటే ఆమెకు ఒళ్లు మండింది. లేచి చెప్పేసింది. సభంతా కళ్లు తుడుచుకుంది. ఇందుమతికి గర్వంగా అనిపించింది.

వారం తిరక్కుండా ఒక పేరున్న టీవీ యాంకర్, తన తాతగారు అలా అనేవారని కన్నీళ్లతో చెప్పింది. ఆ తర్వాత ఊరూరా ఎవరి తాతలో, ఎవరి నాన్నలో అదే మాట అన్నారు. వాళ్లెవరూ అబద్ధమాడలేదు. వాళ్లకు నిజంగానే అలా గుర్తుకు రావడం మొదలైంది.

సమీక్ష రోజున జల్లెడ తీర్పు చెప్పింది. “అసలు, యాంకర్ గారిది. జగన్నాథం గారిది నకలు.”

“తేదీ చూడు. ఆయనదే ముందు.”

“తేదీ లెక్కలోకి రాదు. సూత్రం మీదే కదా, మేడమ్.”

మర్నాడు ఆఫీసుకు బయలుదేరుతూ ఆమె తాళం తీసుకుంది. పక్క ఫ్లాట్ కొత్త దంపతులు తమ తలుపు తట్టి, “చీకటి పడేలోపు వచ్చేస్తాం, భయపడకు” అని నవ్వుకుంటూ మెట్లు దిగారు. ఇందుమతి చెయ్యి తలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. ఇంటితో ఏమీ చెప్పకుండానే తాళం వేసి వెళ్లిపోయింది.