క్లాక్ టవర్ షాట్

"ఆగు!"

వాడు ఆగలేదు.

రాళ్ళు పరిచిన మెట్ల వీధి. ఒకటే జనం. ఎర్ర స్కార్ఫులు కట్టుకుని హీరోయిన్‌లా ఫోజులు పెడుతున్న గుంపుని చీల్చుకుంటూ పైకి పరుగెత్తుతున్నాడు.

వెనకే ఆమె.

ఎవరిదో సెల్ఫీ స్టిక్ భుజానికి తగిలి కింద పడింది.

"కళ్ళు కనపడట్లేదా?"

కనపడుతున్నాయి... పదేళ్ళుగా వెతుకుతున్న మొహం కనపడుతోంది!

గడ్డం పెంచాడు. జుట్టు నెరిసింది. ఒంటి మీద వాచ్‌మన్ యూనిఫాం. అయినా వాడే!

రోప్ మాస్టర్. సినిమాల్లో ఎత్తుల మీంచి దూకేవాళ్ళ నడుముకి తాడు కట్టేవాడు. ఈ ఊళ్ళోనే, రిహార్సల్లో వాడు కట్టిన తాడు తెగి ఆమె అక్క చనిపోయింది. హీరోయిన్‌కి డూప్‌గా చేసేది అక్క. ఆ మర్నాటి నుంచి వాడి జాడ లేదు.

ఆ సినిమా బాగా ఆడింది. ఈ పాత కొండ ఊరి పేరు మారుమోగిపోయింది. హీరోయిన్ క్లాక్ టవర్ మీంచి దూకే ఆ ఒక్క షాట్ కోసం బస్సుల కొద్దీ జనం! ఆ షాట్ తీసిన కెమెరామన్ ఆమె బావ. అక్క భర్త. ఇవాళ ఊరివాళ్ళు అతనికి సన్మానం చేస్తున్నారు. తోడుగా ఆమె వచ్చింది.

ఫోన్ మోగింది. బావ.

"ఎక్కడికెళ్ళావే?"

"వాడు దొరికాడు బావా! రోప్ మాస్టర్! టవర్‌లోకి దూరాడు!"

అవతల కుర్చీ పడిన చప్పుడు.

"బావా?"

"వాడి దగ్గరకెళ్ళకు... ఒక్క మాట కూడా మాట్లాడకు. నేనొస్తున్నా."

"నేను పోలీసుని బావా. చిన్నపిల్లని కాదు."

ఫోన్ కట్!

లోపల ఇరుకు మెట్లు. చీకటి. పైన వాడి బూట్ల చప్పుడు. ఆయాసం.

పైకొచ్చింది. ఇక దారి లేదు. చుట్టూ పిట్టగోడ. అవతల లోయ. కొండ వెనక్కి జారుతున్న సూర్యుడు.

పిస్టల్ తీసింది.

"చేతులెత్తు!"

ఎత్తాడు.

"నువ్వు... ఆ అమ్మాయి చెల్లెలివి కదూ? అదే ముక్కు."

"అక్క ఊసెత్తకు! పదేళ్ళూ ఇక్కడే దాక్కున్నావా?"

"దాక్కోలేదమ్మా. ఇవాళ నిన్ను చూసి ఆ పిల్లే అనుకుని పరుగెత్తాను. ఫొటోల కోసం రోజూ ఎవరో ఒకరు ఈ గోడ ఎక్కుతారు. దింపుతుంటాను. ఇంకేం చేయగలను?"

ఆమె వేలు ట్రిగ్గర్ మీద సడలింది. మళ్ళీ బిగిసింది.

"ఆ రోజు తాడు ఎందుకు చూసుకోలేదు?"

"చూశాను! తాడు పీచు లేచింది. మార్చాలి, టేక్ ఆపండని గొంతు చించుకున్నాను..."

"టేక్ ఏంటి? రిహార్సల్ కదా!"

అతను ఆమె వైపు జాలిగా చూశాడు.

"ఎవరు చెప్పారమ్మా?"

బావ చెప్పాడు.

"అది టేకే. సినిమాలో ఉన్నదీ అదే. ఆ పిల్ల గాల్లో ఉండగా తెర మీద సీను ఆగిపోతుంది చూడు... తాడు తెగింది ఆ తర్వాతే."



ఆ షాట్...

ఎన్నిసార్లు చూసింది! ఆ దూకేది దూది కూరిన బొమ్మ, మనిషి కాదు అని బావ పక్కనే కూర్చుని చెప్పాడు. థియేటర్లో అందరితో కలిసి చప్పట్లు కొట్టింది తను. చప్పట్లు!

"మరి... కానివ్వమన్నది ఎవరు?"

మెట్ల మీద అడుగుల చప్పుడు.

రోప్ మాస్టర్ చూపు ఆమె వెనక మెట్ల వైపు మళ్ళింది.

బావ!

కోటు మీద గెస్ట్ బ్యాడ్జి. మొహమంతా చెమట.

"కాల్చెయ్! ఏం చూస్తున్నావ్? అక్కని చంపినవాడు వాడు!"

"బావా... అది రిహార్సలేనా?"



"నిన్నే!"

అక్క పోయాక తనకి జడలల్లి స్కూలుకి పంపిన మనిషి. తను పోలీసు యూనిఫాం వేసుకున్న రోజు ముందు వరసలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చిన మనిషి. ఇప్పుడు తల ఎత్తడం లేదు.

"ఆ రోజూ ఇలాగే వెలుతురు పోతోంది... షూటింగ్‌కి ఇంకో రోజు ఇవ్వనన్నారు." పిట్టగోడ వైపు చూపించాడు. "మాస్టర్ ఆపమంటున్నాడు. మీ అక్కేమో ఇక్కణ్ణుంచి కింద కెమెరా దగ్గరున్న నా వైపు చూసింది, దూకనా అన్నట్టు. నేను..."

కుడిచెయ్యి దానంతటదే లేచింది. బొటనవేలు పైకి.

"ఓకే అన్నాను."

"నిన్ను చూసి దూకిందా?"

"నన్నే చూస్తూ దూకింది. నేనున్నానని ధీమా దానికి."



పిస్టల్ తిరిగింది. బావ గుండెకి!

"కాల్చు తల్లీ. నీ చేతుల్లో పోతే అంతే చాలు."

గురి కుదరడం లేదు. కళ్ళనిండా నీళ్ళు. జడలల్లిన ఆ వేళ్ళే కనిపిస్తున్నాయి.

కాల్చలేదు. అతనికీ తెలిసిపోయింది.

పక్కకి అడుగేశాడు. పిట్టగోడ మీద చెయ్యి వేశాడు. ఎక్కేశాడు!

"సార్! దిగండి సార్!" రోప్ మాస్టర్ కేక.

"బావా, వద్దు!"

అతను కళ్ళు మూసుకున్నాడు. మోకాళ్ళు వంగాయి...

ఢాం! ఆమె పిస్టల్ అతని కాలి వైపు పేలింది.

రోప్ మాస్టర్ ఒక్క ఉదుటున దూకి కోటు పట్టి లాగాడు. ఇద్దరూ ఇవతలికే పడ్డారు.

బావ తొడలోంచి రక్తం. అర్థం కాని చూపు.

"ఎందుకే... ఎందుకాపావు? పోనివ్వాల్సింది నన్ను!"

ఆమె పిస్టల్ పక్కన పడేసింది. నడుం బెల్టు లాగి అతని తొడకి చుట్టింది. ఏడుస్తోంది. చేతులు మాత్రం ఆగడం లేదు.

"నువ్వు పోతే ఎవరు చెబుతారు బావా? కింద అంతమంది ఉన్నారు. ఆ దూకింది హీరోయిన్ కాదు, బొమ్మ కాదు, మా అక్క అని... నువ్వే చెప్పాలి. నీ నోటితో నువ్వే చెప్పాలి!"

బెల్టు ఇంకా గట్టిగా బిగించింది.