తొడిమ పైకున్న కాయలు

అలిపిరి దగ్గర చెప్పులు విప్పడానికి వంగిన అమర్‌నాథ్ మళ్ళీ లేవలేదు. సాష్టాంగ నమస్కారం చేస్తున్నాడనుకుని భక్తులు పక్కకు తప్పుకుని నడిచిపోయారు. పూలమ్మే ఆవిడ వచ్చి భుజం తట్టేసరికి అతని ఒళ్ళు చల్లబడిపోయి ఉంది. మెడ మీద చీమ కుట్టినంత ఎర్రటి చుక్క. అతని ఫోన్ నుంచి వెళ్ళిన చివరి మెసేజ్ చాలా చిన్నది.

"నెట్‌వర్క్ నుంచి కాదు. పది అడుగుల లోపలే."

ఆ సాయంత్రం తిరుపతి బస్టాండు వెనక నిలిపిన టూరిస్టు వ్యాను తలుపును కృపారాణి రెండుసార్లు తట్టింది.

"ఈ తూరి బేనీషా మామిడి ఎట్ల కాసింది?" లోపలి నుంచి ఒక గొంతు సంకేతం అడిగింది.

"పూతకేం తక్కువ లేదు. కాపే కనపడలా."

తలుపు తెరుచుకుంది. లోపల ఆమె పనిచేసే గూఢచారి విభాగం, సెవెంత్ డెస్క్ చీఫ్ మునిచంద్ర. ఆయన పక్కన కాలు మీద కాలేసుకుని పల్లవి. సన్నటి సెంటు వాసన, మణికట్టుకు బంగారు వాచీ. కెస్ట్రెల్ అనే విదేశీ ముఠాలో డెస్క్ నాటిన డబుల్ ఏజెంట్ ఆమె.

మునిచంద్ర బ్రీఫింగ్ ఎప్పుడూ పొడిగానే ఉంటుంది.

"అమర్‌నాథ్ తయారుచేసిన రోబో పేరు జోడు. కంచె లేకుండా మనిషి పక్కనే నిలబడి పనిచేస్తాది. మనిషి ఒంటికి తగిలితే ఆగిపోతాది, అదీ దాని గొప్ప. ఇప్పుడు పల్ప్ ఫ్యాక్టరీ మొదలు మందుల ప్యాకింగ్ దాకా అందరికీ ఇట్లాంటి రోబోలే కావాల. రేపు పదకొండుకి చిత్తూరు ఫ్యాక్టరీలో డెమో. నూట పది కంపెనీల వాళ్ళు వస్తాండారు. వాళ్ళ కండ్ల ముందర జోడు ఒక మనిషిని చంపాల. ఆర్డర్లన్నీ కెస్ట్రెల్ యజమానులకి పోవాల. ఇదీ వాళ్ళ ప్లాన్."

"అటాక్ సర్వర్ మీద," అంది పల్లవి. "నా సోర్స్ పక్కా. మీ మనుషులందరినీ సర్వర్ రూమ్‌లో పెట్టండి."

"నెట్‌వర్క్ నుంచి కాదని అమర్‌నాథ్ సారు రాసినాడు కదా," అంది కృపారాణి మెల్లగా.

పల్లవి ఆమెను తల నుంచి పాదాల దాకా చూసింది. "చచ్చేవాడి మెసేజ్ ఇంటెలిజెన్స్ కాదు పాపా. నువ్వు మూడు వారాలుగా కూలి వేషంలో కాయలేగా తుంచుతున్నావు? అవే తుంచుకో."

మునిచంద్ర పల్లవి మాటకే తలూపాడు.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ షెడ్డులో పన్నెండు జోడులు వరసగా నిలబడ్డాయి. ఒక్కోదాని పక్కన ఒక్కో కూలి మనిషి. తెల్లారగట్ల తోటల నుంచి దిగిన తోతాపురి మామిడి క్రేట్లు వాళ్ళ కాళ్ళ దగ్గర ఉన్నాయి. రోబో కాయనెత్తి ఇస్తే ఆడవాళ్ళు మిగిలిన తొడిమ తుంచి తొట్టిలో వేయాలి. అందరూ చేతులకు వేరుశనగ నూనె పట్టించుకున్నారు. పచ్చికాయ సొన తగిలితే నిప్పు అంటుకున్నట్టే చర్మం కాలిపోతుంది.

ఏడో నంబరు పక్కన మునిరత్నమ్మ. మూడు వారాలుగా తన సంగటి ముద్దలో సగం కృపారాణికి పెట్టిన మనిషి.

"ఫోటోకి దీని పక్కన నిలబడి నవ్వాలంట," అంది.

"నవ్వుతావా అక్కా?"

"నా కూలి తినను వచ్చినదాన్ని సూసి ఎట్ల నవ్వేది మే? తిడదామన్నా దీనికి మొగం గూడా లేదు, సిగ్గు పడేదానికి."

కృపారాణి చేతిలో తొడిమలు కోసే కత్తి ఉంది. దాని పిడిలో సిగ్నల్ డిటెక్టర్. కానీ పన్నెండు రోబోలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటుంటే అది ఎటు తిప్పినా వణుకుతూనే ఉంది. ఢిల్లీ నుంచి వచ్చిన పరికరం, సంతలో తప్పిపోయిన పాపలా బిత్తరపోయింది.

పదీ యాభై. అతిథులతో పాటు పల్లవి లోపలికి వచ్చింది. మీగడ రంగు పట్టుచీర.

"తిరుపతి హోటల్ నుంచి ఇప్పుడే వచ్చాను," అని ఎవరితోనో అంటోంది. అంటూనే వాచీ పట్టీ కింద గోకుతోంది. పట్టీ జరిగినప్పుడు కృపారాణికి కనపడింది. చారలు చారలుగా కందిపోయి, అంచులు నల్లబడిన మచ్చ.

చిన్నప్పుడు తోటల్లో కూలికి పోయిన ప్రతి వేసవీ అలాంటి మచ్చలు తన చేతుల మీదా ఉండేవి. సొన మచ్చ. అంటే పల్లవి తెల్లారగట్లే వచ్చింది, పచ్చికాయల్లో చెయ్యి పెట్టింది. నూనె రాసుకోవాలని ఆమెకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

కృపారాణి చెవి కమ్మ నొక్కింది. "చీఫ్, పల్లవి మన మనిషి కాదు. రోబోని చెడగొట్టే వస్తువు ఈడనే ఉండాది."

"సర్వర్ రూమ్ వదిలేది లేదు. నువ్వు ఆడనే ఉండు." లైన్ తెగిపోయింది.

కృపారాణి క్రేట్ల వైపు చూసింది. ఈ సీమలో కోసిన కాయను ఎవరైనా బోర్లిస్తారు, తొడిమ కిందికి పెట్టి. సొన గడ్డిలోకి కారిపోవాలి, కాయ మీద పడకూడదు. లోడు దించే చెంగయ్య తాగి తూలుతున్నా కాయను బోర్లించే పెడతాడు. అన్ని క్రేట్లూ అలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఏడో నంబరు దగ్గరి క్రేటులో కాయలు తొడిమలు పైకి పెట్టి, గిఫ్టు పెట్టెలో సర్దినంత ముద్దుగా ఉన్నాయి. ఆ తొడిమల నుంచి కారిన సొన కాయల మీదే చారలు కట్టి ఉంది.

పదీ యాభై తొమ్మిది. ఆమె అటు అడుగేసింది. మోచేతిని ఎవరో పట్టుకున్నారు. సెంటు వాసన.

"చూపు మంచిదే," పల్లవి నవ్వుతూనే గొణిగింది. ఆమె వేళ్ళ మధ్య పెన్ను, దాని మొనకు సూది. "అమర్‌నాథ్‌కి నొప్పి తెలియలేదు. నీకూ తెలియదు."

కృపారాణి చేతిలో ఒక కాయ ఉంది. తొడిమను పల్లవి ముఖం వైపు తిప్పి బొటనవేలితో పుటుక్కున విరిచింది. సొన పిచికారీలా చిమ్మి రెండు కళ్ళలోనూ పడింది. పల్లవి కేక పెట్టి ముఖం కప్పుకుంది. పెన్ను కింద పడింది.

పదకొండు.

ఏడో జోడు చెయ్యి ఒక్క విసురుతో పైకి లేచింది. మునిరత్నమ్మ ఫోటో కోసం కొంగు సర్దుకుంటూ అటు తిరిగి ఉంది. కృపారాణి క్రేటును తన్నింది. కాయల కింది నుంచి సబ్బుబిళ్ళంత నల్లటి పెట్టె దొర్లింది. రోబో చేతిని ఆడించి, దానికి మనిషి స్పర్శ తెలియకుండా చేసే ట్రాన్స్‌మిటర్. దాన్ని అందుకుని కాయలు కడిగే తొట్టిలో మోచేతి దాకా ముంచేసింది.

నీళ్ళలో సిగ్నల్ చచ్చిపోయింది. దిగుతున్న ఇనప చెయ్యి మునిరత్నమ్మ భుజాన్ని తాకి, ఉలిక్కిపడినట్టు ఆగిపోయింది.

షెడ్డంతా చప్పట్లు. నూట పది కంపెనీల వాళ్ళూ అది డెమోలో భాగమే అనుకున్నారు.

మునిచంద్ర పరుగున వచ్చేసరికి పల్లవి చేతులు ఆమె పట్టుచీర కొంగుతోనే కట్టేసి ఉన్నాయి. ఆయన తొట్టి వైపు చూశాడు, కృపారాణి వైపు చూశాడు.

"డిటెక్టర్ పట్టిచ్చిందా?"

"లేదు సార్. సర్దేది తెలీనోళ్ళు సర్దినారు, అంతే."

మునిరత్నమ్మ తన భుజం మీద ఇంకా ఆనుకునే ఉన్న చేతిని పైకీ కిందికీ చూసింది.

"పనిలో సేరిన రోజే నా మీదికి సెయ్యెత్తినాడు," అంది. "అయినా మా మేస్త్రీ కంటే నయం మే. ఈడు ఆగినాడు."