ఎంగిలిపడని పులుసు

గోదావరి లంకలన్నిటిలోనూ బంగారమ్మ బొమ్మిడాయిల పులుసుకు సాటివచ్చే పులుసు మరొకటి లేదు. ఇది మాటవరసకు చెబుతున్నది కాదు. ఆమె మట్టిదాక మీద మూత తీస్తే అవతలి ఒడ్డున పోతున్న పడవలు చుక్కాని తిప్పకుండానే ఇటు తిరిగేవి. ఓసారి ఎవరో లాకు కాపలాదారు ఆ వాసనకు మైమరచి తలుపులు వేయడం మరిచిపోతే మూడూళ్ళ వరిచేలు మునిగాయి. తిట్టిపోయడానికి వచ్చిన రైతులు ఇంత పులుసన్నం తిని, కాపలాదారును దీవించి మరీ వెళ్ళారు. భూమ్మీద అంతకు మించిన వంట లేదని ఈ కథ చెప్పేవాడు పూచీపడుతున్నాడు.

అంతటి పులుసు పేరెత్తితే ఆ ఉదయం కోడలు సత్యవేణికి ఒళ్ళు మండుతోంది.

వంటింటి గోడలోని పాకపేటి రెండుసార్లు గంట కొట్టి రెండు పళ్ళేలు బయటికి తోసింది. ఒకదానిలో అత్తగారి తరవాణీ అన్నం. రెండోదానిలో సత్యవేణి తల్లి చేతి మినపరొట్టె, ఎడమ అంచు కాస్త మాడి. ఆ తల్లి పోయి పదకొండేళ్ళు. అయినా రొట్టె రోజూ వస్తుంది, రోజూ అదే అంచు మాడుతుంది. పాకపేటులు వచ్చాక ఇళ్ళలో పొయ్యిలు పోయాయి. ఎవరి చేతివంటకైనా ఒక్కసారి రుచిముద్ర వేయిస్తే చాలు. గొట్టాల్లోని సారాలను కలిపి ఆ వంటనే ఎన్నేళ్ళకైనా, ఎన్నిళ్ళలోనైనా పెట్టె వండిపెడుతుంది.

ముద్ర పడనిదల్లా బంగారమ్మ పులుసే. ఏటా ఏదో ఒక వంక. ఒక ఏడు చేపలు సన్నమంది. ఒక ఏడు గాలి వాటం బాలేదంది. ఇప్పుడామెకు ఎనభై నాలుగు. పోయిన నెల పండక్కి అనుమతి తీసుకుని పెరట్లో పొయ్యి పెట్టి వండి, దాక దించబోతే మణికట్టు వణికి, దాకా పులుసూ నేలపాలయ్యాయి. ముద్రాధికారి లంకకు వచ్చేది ఏడాదికి ఒక్కరోజు. ఆ రోజు ఇవాళే. కాలువ పొడుగునా చెన్నై దాకా చెదిరిన ముప్పై ఏడు ఇళ్ళ చుట్టాలు, ఈ పూటకు తమ పెట్టెల్లో పులుసు వస్తుందని కాచుకున్నారు. ఇవాళ తప్పిందంటే వచ్చే ఏటికి ఆ చెయ్యి ఉండదు. చెయ్యి లేకపోతే పులుసూ లేదు.

పెరట్లో అనుమతి పొయ్యి వెలిగించారు. అధికారి ప్రభంజన్ ముసలమ్మ రెండు ముంజేతులకూ కరకంకణాలు తొడిగాడు. చెయ్యి ఎటు కదిలితే అటు గుర్తుపెట్టుకునే కడియాలవి. దాకలోకి రసగ్రాహి అనే సన్నటి పుల్ల దించాడు.

"అమ్మా, చింతపండు ఎంత తీసుకుంటున్నారో చెప్పండి."

"సరిపడా."

"అంటే?"

"చాలినంత బాబూ."

సత్యవేణి నుదురు కొట్టుకుంది. "ఇరవయ్యెనిమిదేళ్ళ నుంచీ నాకూ ఇదే సమాధానవండీ. చాలినంతంటే ఎంతో చెప్పరు, చాలకపోతే మాత్రం తిడతారు."

"నీ చేతికి తెలీకపోతే నన్నేం చెయ్యమంటావే?" అంది బంగారమ్మ, బూడిదేసి రుద్దిన చేపముక్కలు ఒక్కొక్కటే జారవిడుస్తూ. గరిటె ముట్టుకోలేదు. గుడ్డతో దాక అంచులు పట్టుకుని కుదిపింది. చేతులు వణికాయి. సత్యవేణి సాయం పట్టబోతే మోచేత్తో ఒక్కటి తోసింది. కంకణాలు ఆ వణుకునూ ఆ తోపునూ కూడా రాసుకున్నాయి.

పులుసు దగ్గరపడి నూనె తేలింది. ప్రభంజన్ జేబులోంచి పల్చటి నాలుకపట్టీ తీశాడు. "ఇది నాలుక మీద పెట్టుకుని ఒక్క ముద్ద రుచి చూడండి. మీ నాలుక ఇదే అంటే ముద్ర పడుతుంది. కాదంటే, మీ నాలుక ఏది కోరుతుందో దాని ప్రకారం పెట్టే సరిచేసుకుంటుంది. వండినవారి నాలుకే ప్రమాణం."

చట్టం అది. పూర్వం ఒకరి వంటకు ఇంకొకరు ముద్ర వేయించుకుని గొడవలు పడ్డారట, అందుకని పెట్టారు.

బంగారమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నేను చూడను."

"ఏంటత్తయ్యా?"

"పడవెక్కే కూర వండినోళ్ళు ఎంగిలి చెయ్యకూడదు. అరిష్టం."

"ఇప్పుడు పడవకి కట్టేదెక్కడ? మావయ్యగారు పోయి పదేళ్ళయింది. ఇది పడవెక్కేది కాదు, పెట్టెక్కేది!"

"ఏదెక్కితేనేం, ఎక్కేదేగా."

ప్రభంజన్ గడియారం చూసుకున్నాడు. పై లంకలో ఇంకా మూడు గోంగూరలు, ఒక పనసపొట్టు కూర ఉన్నాయన్నాడు. సత్యవేణికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మొదటి ముద్ద చూడద్దులెండి. మామూలుగా అందరూ తిన్నాక మీరు తినేటప్పుడు ఎలా ఉండేదో అది చెప్పండి, చాలు."

ముసలామె పొయ్యిలో పుల్ల సర్దింది.

"అత్తయ్యా?"

"నేనెప్పుడూ తిన్లేదే."

"ఏం తిన్లేదు?"

"పులుసు. దాకంతా పడవకి కట్టేసేదాన్ని. నాలుగ్రోజుల దారి, నలుగురు మగాళ్ళు. ఇంట్లో నాకు ఊరగాయ ముక్కుండేది, మజ్జిగుండేది. పండక్కి వండినా చుట్టాలకే సరిపోయేది కాదు. ఆఖరికి దాక తోమేదాన్ని."

రోడ్ల మీద లారీలు ఆగిపోయి, కాలువల్లో ఎండతో నడిచే పడవలు ధాన్యం మోసిన కాలమంతా వాళ్ళ కుటుంబం నీళ్ళ మీదే బతికింది. అరవై ఏళ్ళు వండింది బంగారమ్మ. ఆ పులుసు లేనిదే అన్నం దిగదన్నవాళ్ళు వందమంది ఉన్నారు. ఆమె తిన్నదా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇరవయ్యెనిమిదేళ్ళు అదే ఇంట్లో ఉన్న సత్యవేణి కూడా ఆ మాట అడగలేదు. ఆమె కోపం కాస్త తడబడింది.

"అయితే ఇవాళ తినండి," అంది మెల్లిగా. "మావయ్యగారికి నేను చెప్పుకుంటాలెండి."

బంగారమ్మ పట్టీ పెట్టుకుంది. తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టి, ముద్ద నోట్లో వేసుకుంది. కళ్ళు రెండూ మూసుకుపోయాయి. మొహమంతా ముడతలు పడింది.

"ఛీ ఛీ! ఇదేం పులుపే తల్లీ! దీన్నా ఇన్నాళ్ళూ లొట్టలేసుకుంటా తిన్నారు? మీ మావయ్యది నోరా, తోలుసంచీయా?"

ముందు పడ్డ పూచీని ఈ కథ చెప్పేవాడు సంతోషంగా వెనక్కి తీసుకుంటున్నాడు. భూమ్మీద అంతకు మించిన వంట లేదన్నది అబద్ధం. వండిన మనిషికే రెండో ముద్ద దిగలేదు. వరిచేలు మునిగినమాట కూడా ఎవరో చెప్పగా విన్నదే.

సంగతేమిటంటే అది దారి కోసం పుట్టిన పులుసు. నాలుగు రోజులు చెడకూడదని చింతపండు ఉండవలసినదానికి రెట్టింపు పడేది. మూడో రోజుకు ఆ పులుపు ముక్కలోకి ఇంకి, కాలువ గాలికి, మగాళ్ళ ఆకలికి అమృతమయ్యేది. పొయ్యి మీంచి దించగానే తినమని ఎవరూ దాన్ని కనలేదు.

"అత్తయ్యా, ఆగండి, ఏమీ కోరుకోకండి, మనసులో కూడా..."

"కాస్త బెల్లం పడాలి," అంది బంగారమ్మ నిశ్చయంగా. "చింతపండు సగం చాలు. కారం కూడా తగ్గాలి."

పట్టీ ఆమె నాలుకలోని కోరికంతా పీల్చుకుంది. ప్రభంజన్ చేతిలోని పలక మీద పచ్చదీపం వెలిగింది.

"ముద్ర పడిందమ్మా," అన్నాడతను.

"తీసెయ్యండి! అది మా పులుసు కాదు!" అంది సత్యవేణి.

"వండినవారు స్వయంగా కోరితేనే రద్దు, సాయంత్రం ఆరులోపు." ఇంతలో అతను దాకలోది రెండు ముద్దలు తిన్నాడు. మూడోది కలుపుకుంటూ, "నా మటుకు నాకు ఇదే బాగుందండీ," అన్నాడు. చెప్పి ఏం లాభం? అతని నాలుక ప్రమాణం కాదు.

నాలుగింటికి ముప్పై ఏడు పెట్టెలు గంట కొట్టాయి. నాలుగుంపావుకి ఫోన్లు మొదలయ్యాయి. చెన్నై ఆడపడుచు, "వదినా, ఇది పులుసా, పానకమా?" అని అడిగింది. నెల్లూరు మరిది, "ముద్ర వేయించింది అమ్మ వంటకా, నీ వంటకా?" అని నిలదీశాడు. చివరగా పడవ మీదా పెట్టె పెట్టించుకున్న భర్త గంగరాజు.

"సత్తేణీ, అమ్మకి ఒంట్లో బాగానే ఉందా?"

"మీ అందరికన్నా బావుంది."

"మరి నాన్న తిన్న పులుసేది? ఇక జన్మలో తిన్లేం కదే! ఆవిడ చేత రద్దు చేయించు. ఇంకా గంటుంది. వచ్చే ఏడు మళ్ళీ వేయించుకుందాం."

"వచ్చే ఏడు! ఆ చేతులు చూశారా మీరు?"

"అదంతా నాకు తెలీదు. అడుగు."

అందరి తిట్లూ తనకే వడ్డించారు. పులుసు పోయిన బాధ వాళ్ళకన్నా ఆమెకు తక్కువేమీ కాదు. కాపురానికి వచ్చిన మర్నాడు ఆకలి మీద తిన్న పులుసది. సత్యవేణి కొంగు బిగించి, అధికారి ఇచ్చిపోయిన రద్దు పలక చేత్తో పట్టుకుని వంటింట్లోకి నడిచింది.

బంగారమ్మ పీట వేసుకుని కూర్చుని ఉంది. పెట్టె ఇచ్చిన పళ్ళెం ముందుంది. పొగలు కక్కుతున్న అన్నంలో పులుసు పోసుకుని, ముల్లు తీసుకుంటూ, తొందర లేకుండా తింటోంది. ఆమె కూర్చుని వేడన్నం తినడం సత్యవేణి ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ గడపలో నిలబడో, గిన్నెలు సర్దుతూనో నాలుగు ముద్దలు మింగేది. పెట్టెలొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

"ఎవరే ఫోను?"

"మీ అబ్బాయండీ."

"ఏవంటాడు?"

సత్యవేణి పలక వంక చూసింది. వేలిముద్ర వేయడానికి ఖాళీ గడి మెరుస్తోంది.

"బావుందంటున్నారు."

"బావుండకేం," అంది బంగారమ్మ. మళ్ళీ ముద్ద కలిపింది.

సత్యవేణి బయటికి వచ్చి ఫోను చెవిన పెట్టుకుంది. "రద్దు లేదు. మీ అరవై ఏళ్ళూ మీరు తిన్నారు. ఆవిడ మొదటి పూట తింటున్నారు. పులుపు కావాలంటే చింతపండు పిసుక్కోండి."

గంగరాజు ఏదో అనబోయాడు. ఆమె పెట్టేసింది. పెట్టేశాక అరుగు మీద కూర్చుని, ఆ పాత పులుపు తలుచుకుని కాసేపు ముక్కు చీదుకుంది.

లోపల బంగారమ్మ మూడుసార్లు వడ్డించుకుని కడుపారా తిన్నదని చెబితే కథకు నిండుగా ఉంటుంది. లంకలో అందరికీ అలాగే చెబుతూ వచ్చాను కూడా. కానీ ఆ మూడుసార్లు అన్నది నా కల్పన. ఆమె తిన్నది ఒక్కసారే. రెండోసారి పెట్టె ఇచ్చిన పళ్ళేన్ని ముట్టుకోకుండా మూతపెట్టి కోడలికని పక్కన ఉంచింది. మీట నొక్కితే మళ్ళీ వేడిగా వస్తుంది కదత్తయ్యా అని సత్యవేణి ఎంత మొత్తుకున్నా వినిపించుకోలేదు.