మూడో అంతస్తు మూల ఇల్లు

పాత బిల్డింగులో మెట్లెక్కగానే ఎడమ చేతి వైపు గది. దాన్ని అందరం ఆయమ్మ గది అనేవాళ్ళం. చీకటి పడ్డాక పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా ఆ తలుపు ముందు నుంచి నడిచేటప్పుడు మాట్లాడుతున్న మాట ఆపేసేవాళ్ళు.

ఆయమ్మ ఆసుపత్రిలో ఆయా. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. మనిషి మంచిది. ఎవరు ఎదురుపడినా, మంచం మీది రోగిని పలకరించినట్టు, "ఏం కావాలి తల్లీ?" అనేది. ఒంటరి మనిషి. ఒక వేసవిలో ఆ గదిలోనే పోయింది... పోయిన సంగతి మూడో రోజుకి గానీ ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత ఏడాది పాటు ఆ గదిలోకి దిగడానికి ఎవరూ రాలేదు. అర్ధరాత్రి రబ్బరు చెప్పుల చప్పుడు వినిపిస్తుందనేవాళ్ళు — చర్... చర్... అని. ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచం దగ్గరికి నడుస్తున్నట్టు.

చివరికి దాన్ని మిషనక్క తీసుకుంది. మిషనక్క అంటే టైలరు. "నా మిషను మోతకి దెయ్యం చెవులు మూసుకుని పారిపోతుందిలే" అని నవ్వేది. అన్నట్టే పదహారేళ్ళు నిశ్చింతగా ఉంది. ఒక్క చప్పుడు వినలేదు.

ఇక మీకు చెప్పబోయేది మిషనక్క కథ కాదు. ఆవిడ గదికి సరిగ్గా కింద గదిలో ఉండే గుండీలమ్మ కథ. నాకు గుండీలమ్మే చెప్పింది, నా చొక్కా ఒళ్ళో పెట్టుకుని, తలెత్తకుండా.

గుండీలమ్మ భర్తకి వీధి చివర కటింగ్ షాపు. మిషనక్క కుట్టిన బట్టలకి గుండీలు, కాజాలు, హుక్కులు, అంచు మడతలు — ఆ చేతి పనంతా గుండీలమ్మది. పొద్దున పైనుంచి మూట దిగేది, సాయంత్రం మూట పైకెక్కేది. పదహారేళ్ళు వాళ్ళిద్దరూ ఒకరి కూర ఒకరు తిన్నారు, ఒకరి పిల్లల్ని ఒకరు తిట్టారు. "అక్కా" అంటే "చెల్లీ" అన్నంత దగ్గర.

అలాంటి ఇద్దరి మధ్యకి కొత్త బిల్డింగు వచ్చింది.

పాతది పడగొడతామన్నారు. పక్కనే ఉన్న ఖాళీ జాగాలో మూడంతస్తులు లేపి అందరికీ తలా ఒక ఇల్లు ఇస్తామన్నారు. మీటింగుల మీద మీటింగులు. కొందరు ఎగిరి గంతేశారు, కొందరు "మా గోడలు మాకుండనీయండి" అన్నారు. గుండీలమ్మ మొదటి రకం. ఆవిడకి కావాల్సింది ఒక్కటే — వెలుతురు. నలభై దాటాక సూదిలో దారం ఎక్కడం లేదు. పాత గదిలో పట్టపగలు కూడా బల్బు కింద కూర్చోవాల్సిందే.

చీటీలు వేసి తీశారు.

మిషనక్కకి మూడో అంతస్తు మూల ఇల్లు వచ్చింది. రెండు వైపులా కిటికీలు, రోడ్డు మీదకి బాల్కనీ. గుండీలమ్మకి కింది అంతస్తులో, మోటారు గది పక్కన. కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో ప్రహరీ గోడ.

"పోనీలే చెల్లీ, ఎవరి చీటీ వాళ్ళది" అంది మిషనక్క.

అవును మరి, గెలిచినవాళ్ళు అనే మాటే అది, అనుకుంది గుండీలమ్మ. పైకి మాత్రం నవ్వింది.

పై అంతస్తులు ముందు పూర్తయ్యాయి. వాటిలోకి వెళ్ళాల్సినవాళ్ళు సామాన్లు సర్దుకున్నారు. కింది ఇళ్ళకి పైపుల పని మిగిలింది కాబట్టి గుండీలమ్మలాంటి వాళ్ళం ఇంకో రెండు మూడు నెలలు పాత బిల్డింగులోనే ఉండాలన్నారు.

ఇల్లు చూపిస్తానని మిషనక్క ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. బాల్కనీ తలుపు తీసింది. వెలుతురు గది నిండా పడింది... నేల మీద, గోడ మీద, మిషను మీద, మిషనక్క ముఖం మీద.

"చూశావా, సాయంత్రం దాకా లైటు వెయ్యక్కర్లేదు. నువ్వూ పైకొచ్చి ఇక్కడే కూర్చుని కుట్టుకో."

"అలాగే అక్కా. బాగుంది" అంది గుండీలమ్మ.

మిషనక్క ఆ మాట మనస్ఫూర్తిగానే అందని ఆవిడకి తెలుసు. అందుకే ఎక్కువ మండింది. వెలుతురు కూడా ఆవిడ పెడితే తినాలా తను?

ఆ రోజు నుంచి గుండీలమ్మకి అన్నం సహించలేదు. కాజా కుడుతుంటే బాల్కనీ, కళ్ళు మూసుకుంటే బాల్కనీ. కొత్త బిల్డింగులో మూడో అంతస్తు మూల లైటు వెలగడం, ఆరడం — రెండూ చూసి గానీ పడుకునేది కాదు. పొద్దున లేస్తే రాత్రంతా రాళ్ళు మోసినట్టు ఒళ్ళు నొప్పులు.

"ఏమిటే అలా ఉన్నావు?" అన్నాడు భర్త.

"ఏం లేదు" అంది.

అలాంటి రోజుల్లో, ఆ లైటు అసలు వెలగని ఒక రాత్రి... నెత్తి మీద చప్పుడైంది.

చర్... చర్...

పైన గది ఖాళీ. మిషనక్క వెళ్ళిపోయి అప్పటికి మూడు వారాలు. గుండీలమ్మ లేచి కూర్చుంది. భర్త గుర్రు పెడుతున్నాడు. ఆయన నిద్రపోతే పక్కన పెళ్ళి బాజా మోగినా లేవడు.

చర్... చర్... ఆగింది. మళ్ళీ — చర్...

ఇంకొకరైతే దుప్పటి ముసుగేసుకునేవారు. గుండీలమ్మకి భయం రాలేదు. కోపం వచ్చింది. మిషనక్క ఏదో మర్చిపోయి తీసుకోవడానికి వచ్చిందనుకుంది. కొత్త ఇల్లు దక్కినా పాత గది తాళం వదల్లేదన్నమాట. ఎన్ని ఇళ్ళు కావాలి ఈవిడకి? అడిగేస్తాను. ఈ రాత్రి అడిగేస్తాను.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కింది.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల కరెంటు లేదు, పై అంతస్తు తీగలు ఎప్పుడో కత్తిరించేశారు. కిటికీ కింద, గోడకి ఆనుకుని, ఎవరో కూర్చుని ఉన్నారు. మిషను ఉండే చోటే. ముఖం కనపడలేదు.

"అక్కా... నువ్వేనా?"

ఊపిరంత సన్నగా వినిపించింది —

"ఏం కావాలి తల్లీ?"

మిషనక్క ఆవిణ్ణి ఏనాడూ తల్లీ అనలేదు. అది గుండీలమ్మకి ఆ క్షణంలో తట్టలేదు. అడగడమే చాలు అన్నట్టు గడప మీద కూలబడిపోయింది. ఇన్నాళ్ళూ భర్తకి కూడా చెప్పనిదంతా కక్కేసింది. నీ కిటికీలు చూస్తే నా కళ్ళు మండుతున్నాయి అంది. నువ్వు జాలిపడితే సిగ్గుతో చచ్చిపోతున్నాను అంది. నువ్వు నవ్వుతుంటే ఆ బాల్కనీ నీతో సహా కూలిపోతే బాగుండుననిపించింది అని కూడా అంది... అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చీకట్లో ఆ మనిషి కదల్లేదు.

"ఏం కావాలి?" మళ్ళీ అడిగింది, అంతే మెల్లగా.

"నాకు... ఆ ఇల్లు కావాలి."

"సరే."

అంతే. గుండీలమ్మ ఎలా మెట్లు దిగిందో, ఎలా పడుకుందో ఆవిడకే తెలియదు. తెల్లారగానే సిగ్గు ముంచుకొచ్చింది. ఎంత మాట అన్నాను అనుకుంది. క్షమించమందామని కొత్త బిల్డింగుకి పరిగెత్తింది.

మూడో అంతస్తు మూల ఇంటికి తాళం.

"వాళ్ళు లేరండీ" అంది పక్కింటావిడ. "తమ్ముడింటికి వెళ్ళారు. నిన్న పొద్దున్నే వెళ్ళారు, రాత్రి అక్కడే ఉన్నారు."

గుండీలమ్మ వెనక్కొచ్చి పాత మెట్లెక్కింది. ఆయమ్మ గది తలుపుకి కాంట్రాక్టరు తాళం వేసి ఉంది. తాళం మీద అతికించిన సీలు కాగితం చెక్కు చెదరలేదు. ఖాళీ చేసిన రోజునే అతికించినది.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతుంది? ఏం అడిగిందో కూడా చెప్పాలిగా.

వారం గడిచింది. ఒక పొద్దున మిషనక్క దిగొచ్చింది. కళ్ళ కింద నలుపు. చేతిలో మూట లేదు.

"చెల్లీ, నిన్న రాత్రి మా ఇంటికి వచ్చావా?"

"నేనా? లేదక్కా."

"మొన్న?"

"లేదు. ఎందుకు?"

మిషనక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాలుగు రాత్రుల నుంచి మా తలుపు ఎవరో కొడుతున్నారు. రెండింటికో, రెండున్నరకో. గట్టిగా కాదు... వేలి కణుపుతో. ఎవరు అంటే — 'అక్కా, నేనే. ఒక్కసారి తియ్యి. ఆ బాల్కనీ చూసి వెళ్ళిపోతాను' అంటోంది. నీ గొంతు, చెల్లీ. అచ్చం నీ గొంతు."

గుండీలమ్మ చేతిలో సూది వేలికి దిగింది.

"మరి తీశావా?"

"మొదటి రాత్రి తీశాను. ఆ కొత్త గడియ, ఆ గొలుసు విప్పి తీసేసరికి ఎవరూ లేరు. వరండాలో ఇంకా లైట్లు పెట్టలేదు కదా, చీకటి. కింద వాచ్‌మన్‌ని అడిగాను. బయటివాళ్ళెవరూ రాలేదమ్మా అన్నాడు." మిషనక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నువ్వు కాదని నాకు తెలుసు. పదహారేళ్ళు దాని గదిలో ఉన్నాను. నా వెనకే వచ్చింది. నాకు తెలిసిన గొంతు పెట్టుకుని వచ్చింది."

గుండీలమ్మ భయపడింది, నిజం. కానీ ఆ భయం అడుగున ఇంకేదో మెల్లగా పాకింది. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు ఆవిడ దారం కొరకడం ఆపింది.

"సంతోషమండీ" అంది. "దాన్ని వేరే పేరుతో పిలవలేను."

ఇంకో పది రోజులు తలుపు చప్పుడు ఆగలేదు. పదకొండో రోజు మిషనక్క తనే అడిగింది, దాదాపు బతిమాలింది. "నీ కింది ఇల్లు నాకివ్వు. నాది నువ్వు తీసుకో. అక్కడ ఇంకొక్క రాత్రి పడుకోలేను. నీ గొంతుతో వచ్చేది నిన్నేం చేస్తుందిలే."

"నీ ఇష్టం అక్కా" అంది గుండీలమ్మ, ఇష్టం లేనట్టు.

ఇద్దరూ ఒప్పుకున్నాక సెక్రటరీ కాగితాల మీద పేర్లు మార్చేశాడు. కింది ఇళ్ళ పైపుల పని అయిపోయింది, మిషనక్క దిగింది, గుండీలమ్మ ఎక్కింది. ఆ వారమే యంత్రం వచ్చి పాత బిల్డింగు పడగొట్టింది. ఆయమ్మ గది కిటికీ రాలి కింద పడుతుంటే గుండీలమ్మ బాల్కనీలోంచి చూసింది. తన బాల్కనీలోంచి.

ఆ ఇంట్లో ఎవరూ తలుపు కొట్టలేదు. మిషనక్క ఇంట్లోనూ కొట్టలేదు. కలత లేని నిద్ర. పొద్దున లేస్తే ఒళ్ళు తేలిగ్గా ఉండేది.

మొదట్లో రోజులు ఎంత బాగున్నాయో చెప్పలేనంది. ఎండ ఒళ్ళో పోసుకుని కూర్చునేది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కేది.

తర్వాత మెల్లగా... మూటలు రావడం తగ్గింది.

మిషనక్కది కింది అంతస్తు, గేటు పక్కనే ఇల్లు. మెట్లెక్కే పని లేదు. దారిన పోయేవాళ్ళు కూడా మిషనక్క తలుపు దగ్గర ఆగడం మొదలెట్టారు. రెండు స్కూళ్ళ యూనిఫారాలు ఆవిడకే వచ్చాయి. ఇంకో మిషను కొంది. చేతి పనికి ఇద్దరు అమ్మాయిల్ని పెట్టుకుంది. కిటికీ ముందు ప్రహరీ గోడకి తెల్ల సున్నం కొట్టించింది, పెద్ద ట్యూబులైటు వేయించింది.

"మూడంతస్తులు నిన్ను దింపడం, ఎక్కించడం ఎందుకులే అని చెల్లీ" అంది ఒకరోజు. ఈ మాటా మనస్ఫూర్తిగానే అంది. "నీ మోకాళ్ళు నాకు తెలియవా?"

"అవునక్కా" అంది గుండీలమ్మ.

పైకొచ్చి బాల్కనీలో కూర్చుంది. ఒళ్ళో ఎండ ఉంది. కుట్టడానికి ఏమీ లేదు. కిందనుంచి రెండు మిషన్ల మోత, అమ్మాయిల నవ్వులు, మిషనక్క గొంతు. ఎవరి జాకెట్టుకో గుండీలు తప్పు వరసలో కుట్టినట్టున్నారు, మిషనక్క విప్పిస్తోంది. తనైతే తప్పు కుట్టేదా? ఒక్కసారైనా కుట్టిందా ఇన్నేళ్ళలో?

ఆ రాత్రి అన్నం ముద్ద దిగలేదు. గేటు పక్కన మిషనక్క ఇంటి లైటు ఆరేదాకా బాల్కనీలోనే నిలబడింది. తర్వాత వచ్చి పడుకుంది. పడుకున్నట్టు బాగా గుర్తుంది ఆవిడకి. దుప్పటి కప్పుకోవడం, భర్త అటు తిరగడం... అన్నీ గుర్తున్నాయి.

అరికాళ్ళకి చల్లగా తగిలింది.

కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ అప్పుడే చూడడం మొదలెట్టాయి. ఎదురుగా మూసిన తలుపు. తన ఇంటి తలుపు కాదు. పక్కన మోటారు గది. తన కుడి చెయ్యి పైకి లేచి ఉంది, వేళ్ళు మడిచి. కణుపులు నొప్పి పుడుతున్నాయి, అప్పటికే చాలాసేపు కొట్టినట్టు.

తలుపవతల గడియ దగ్గర ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

వెనకనుంచి టార్చి వెలుగు పడింది. వాచ్‌మన్. ఆవిణ్ణి చూసి, తెలిసిన మనిషే కదా అన్నట్టు లైటు దించేశాడు.

"ఏంటమ్మా, ఇవాళ ఇక్కడ కొడుతున్నారు?" అన్నాడు ఆవులిస్తూ. "అప్పట్లో రోజూ మూడో అంతస్తుకి వెళ్ళేవారుగా."