లెక్కలోకి రాని రెండు నెలలు

పొద్దున్నే స్ఫాక్స్ రేవుపట్నంలోని ఒక ఇంట్లో నువ్వులు వేగుతున్న వాసన. అత్తగారు మోంజియా కోడలికి బాలింతలు తినే జ్రీర్ చేద్దామని తేనె, వెన్న పక్కన పెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడింది. మనవరాలు సిరీన్ ఏడో నెల నిండగానే పుట్టి, ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెరిగి, ఇంటికొచ్చి వారమైంది. ఆవిడ లెక్కలో మాత్రం పిల్ల ఈ వారమే పుట్టింది.

కోడలు విదాద్ టీకా కార్డు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. భర్త చేపల పడవ మీద సముద్రంలో ఉన్నాడు. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు గనక!

"అత్తయ్యా, ఇవాళ్టికి రెండు నెలలు. టీకాకి రమ్మన్నారు."

"రెండు నెలలేమిటే? నెలలు నిండితే నిన్నో మొన్నో పుట్టేది. గుప్పెడంత పసిగుడ్డుకి ఒకే సూదిలో ఐదు మందులా? నీకు మతిగానీ పోయిందా?"

"పుట్టిన రోజు నుంచే లెక్కట. ముందు పుట్టినవాళ్లకే జబ్బులు తొందరగా అంటుకుంటాయి, ఆలస్యం చేయొద్దంది డాక్టరమ్మ. ఊపిరి కాస్త తడబడినా చూసుకోవడానికి రెండ్రోజులు అక్కడే ఉంచుతారట."

"తడబడుతుందని వాళ్లే అంటుంటే చేతులారా తీసుకెళ్లి ఇస్తావా? ఈ వారం నుంచి నలభై రోజులు గడవనీ. అప్పటిదాకా గడప దాటొద్దు."

"మరి ఆ రెండు నెలలు ఏమైపోయాయి అత్తయ్యా?" విదాద్ అరిచేసింది. "గాజుకి అవతల అది, ఇవతల నేను. ఊపిరి చూసే మిషను కూసినప్పుడల్లా నా ప్రాణం పోయేది. పక్క తల్లులకి ఎవరో ఒకరు తిండి తెచ్చేవాళ్లు. నాకోసం ఒక్కరూ రాలేదు. మీ లెక్కలో అది పుట్టనే లేదు, నేను తల్లినే కాలేదు!"

విదాద్ పిల్లని చుట్టుకుని ఒక్కతే వెళ్లిపోయింది.

సూది వేశారు. పిల్ల గుండెల మీద మిషను తీగలు అంటించారు. మధ్యాహ్నం ఒకసారి ఊపిరి మందగించింది. నర్సు అరికాలు తట్టగానే సర్దుకుంది. "ఇందుకేనమ్మా ఉండమన్నది, భయపడకు," అంది. విదాద్ తల ఊపింది గానీ, ఆ మాట పంచుకోవడానికి మనిషి లేక కుమిలిపోయింది.

సాయంత్రం మోంజియా వచ్చింది. తీగల మధ్య పడుకున్న పిల్లని వంగి చూసింది.

"భయమేసిందే తల్లీ," అంది. "చూస్తే మనసు తగులుకుంటుందని రాలేదు. పుట్టలేదనుకుంటే, పోయినా పోనట్టేనని సర్దిచెప్పుకున్నాను. నిన్ను ఒక్కదాన్ని వదిలేశానని తట్టనేలేదు."

ఇద్దరూ ఏడ్చారు. మోంజియా ముందు తేరుకుని కుర్చీ లాక్కుని మిషను ముందు కూర్చుంది.

"నువ్వు పడుకో. నేను చూస్తుంటాను."

రెండు నెలల్లో మొదటిసారి విదాద్ మిషను వైపు వీపు తిప్పి పడుకుంది.