దమ్ముంటే ఎదురుగా రా

"ఏ పరికరంరా? పెద్దవాళ్ల ఫోన్ల మీద పడి బతకడానికి సిగ్గుగా లేదా?"

డ్రైవింగ్ స్కూల్ కారు పక్కకు ఆపించి మరీ ఆమె పైకి అంటూ టైప్ చేసింది. స్టీరింగ్ దగ్గర కూర్చున్న కొత్త శిష్యురాలు, తననే తిడుతోందేమోనని ఊపిరి బిగబట్టింది. ఈ డ్రైవింగ్ మేడమ్ కోపం గురించి తెలియని శిష్యులు లేరు.

ఫోన్ మాత్రం ఆమెది కాదు, వాళ్ల నాన్నది. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఆయన. నెల కిందట 'ఈరోజు మీ కరెంటు కట్ చేస్తున్నాం' అని మెసేజ్ వస్తే, కంగారుపడి కిందున్న లింకు నొక్కారు. అంతే, అదే మెసేజ్ ఆయన ఫోన్ నుంచి చుట్టాలకీ, పాత శిష్యులకీ, చివరికి పాలవాడికీ వెళ్లిపోయింది. మాస్టారు పంపారు కదా అని కొందరు నొక్కారు కూడా. ఆ వారమంతా ఫోన్ మోగితే చాలు, తిట్లే.

పంపినవాడు దొరికుంటే నమిలి మింగేసేది. వాడు దొరకలేదు కాబట్టి ఆ కోపం ఇంట్లోనే ఖర్చయింది. "చదువుకున్నవాళ్లు కదా నాన్నా, చూసి నొక్కద్దా?" అని పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. ఫోన్ కూడా లాగేసుకుంది. అప్పట్నుంచి మాస్టారు మాట్లాడటం మానేశారు. పిలిచినా పలకరు. అలిగారనుకుంది. ఎన్నాళ్లు అలుగుతారో చూద్దామనుకుంది.

ఇప్పుడేమో ఈ కొత్త మెసేజ్. 'మీ పరికరం రెడీ. వెంటనే ఓకే అని రిప్లై ఇవ్వండి.'

ఆమె తిట్టిన తిట్టుకు జవాబు వెంటనే వచ్చింది.

"మేడమ్, ఇది నేను పెట్టిన మూడో మెసేజ్. ఇంకో సంగతి, రా అనకండి. మా అమ్మ కూడా నన్ను రా అనదు."

"నీకు అమ్మ కూడానా? పాపం ఆవిడ. దమ్ముంటే ఎదురుగా రా."

"అడ్రసు ఉంది. సాయంత్రం ఆరింటికి వస్తున్నా."

ఆరయ్యేసరికి ఆమె జాకీ రాడ్డు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. వచ్చినవాడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో చిన్న డబ్బా.

"రా అన్నది మీరేనా?"

"మోసాలు చేసేది నువ్వేనా?"

"ఆ రాడ్డు కింద పెట్టి ఇది చూడండి." డబ్బా తెరిచి ముందుకు చాపాడు. "చెవిమిషన్. మీ నాన్నగారిది. మెట్ల మీద పడి పగిలితే ఇరవై రోజుల కింద మా షాపులో రిపేరుకిచ్చారు."

ఆమె ఒక్క క్షణం తడబడింది, కానీ తగ్గలేదు. "ఆ ముక్కే రాయచ్చుగా? పరికరం, వెంటనే, ఓకే అంటే ఎవరు నమ్ముతారు? దొంగలంతా ఇలాగే రాస్తారు."

"రాయద్దన్నారండీ." అతని గొంతు కూడా పెరిగింది. "ఫోన్ మా అమ్మాయి దగ్గరుంది బాబూ, చెవిమిషన్ అని రాయకు, పగలగొట్టానని తెలిస్తే దానికి మళ్లీ కోపమొస్తుంది, నేనే వచ్చి తీసుకుంటానన్నారు. రాలేదు. హారన్లు వినపడక రోడ్డు దాటలేకపోయారో ఏమో."

లోపల మాస్టారు వీధివైపు వీపు పెట్టి బొమ్మ గీసుకుంటున్నారు. ఇంత గొడవ జరుగుతున్నా తల తిప్పలేదు. ఆయన చెవికి మిషన్ లేదన్న సంగతి ఆమె ఇప్పుడే గమనించింది. ఆయన అలగలేదు. ఇరవై రోజులుగా ఆమె అరిచిన ఒక్క మాటా ఆయనకు వినపడలేదు. ముఖం చూసి భయపడ్డారంతే.

ఈసారి ఆమెకు కోపం తన మీదే వచ్చింది. రాడ్డు గోడకు ఆనించి, వెళ్లి నాన్న కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేసింది. ఆయన ఏమీ అర్థంకాక ఆమె తల నిమిరారు.

గుమ్మంలో నిలబడ్డ చెవిమిషన్ల మెకానిక్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. "తిడతారని ప్రిపేరై వచ్చానండీ. ఏడుస్తారనుకోలేదు."

"ఆగండి, తిడతా," అంది ముక్కు తుడుచుకుంటూ. 'నువ్వు' కాస్తా 'మీరు' అయిందని ఇద్దరూ గమనించారు.

మిషన్ చెవికి కుదరాలంటే నాలుగు శనివారాలు షాపుకి రావాలన్నాడు. వెళ్లినప్పుడల్లా పోట్లాటే. మొదటివారం అతను కస్టమర్లకు పంపే మెసేజ్ మొత్తం కొట్టేసి, షాపు పేరూ, మనిషి పేరూ పెట్టి, తొందరపెట్టకుండా తనే రాసిచ్చింది. పదానికో గొడవ పెట్టుకుని చివరికి అదే వాడటం మొదలుపెట్టాడు. మూడోవారానికి ఆమె అరగంట ముందే బయలుదేరింది. అతనంటే ఇష్టం కలిగిందని ఆమెకు తెలిసిపోయింది. అడగకుండా వచ్చినందుకు ఆ ఇష్టం మీద కూడా చిరాకే.

నాలుగో శనివారం ఆఖరి పరీక్ష. అతను నోటికి అట్టముక్క అడ్డుపెట్టుకుని దూరం నుంచి మాటలు అంటాడు. పెదాలు కనపడవు కాబట్టి, మాస్టారు చెవితో విని తిరిగి చెప్పాలి.

"బల్ల."

"బల్ల."

"గొడుగు."

"గొడుగు."

అతను గొంతు బాగా తగ్గించాడు.

"మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం."

"మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం," అని మాస్టారు బుద్ధిగా అప్పజెప్పారు. అప్పుడుగానీ ఆ మాట ఆయన బుర్రకెక్కలేదు. ముందు అతని వైపు కాదు, కూతురి వైపు చూశారు. అవే బెదురు చూపులు.

"ఇలాంటివి అనకు బాబూ, దానికి కోపమొస్తుంది," అన్నారు నెమ్మదిగా.

ఆమె లేచి వచ్చి నాన్న పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి పట్టుకుంది.

"రాలేదు నాన్నా. ఇంకోసారి చెప్పమనండి."

మాస్టారు ఆమె ముఖంలోకి కాసేపు చూశారు. తర్వాత కుర్చీలో నిటారుగా సర్దుకుని, చాలా ఏళ్లు తరగతి గదుల్లో వాడిన గొంతు బయటికి తీశారు.

"కాస్త గట్టిగా చెప్పు బాబూ. మా అమ్మాయికి వినపడలేదట."